పెంపుడు జంతువుల క్లినిక్‌లో కొత్తగా చేరుతున్నారా? మొదటి నెల పని ఇలా నేర్చుకోండి

పశుసంవర్ధక డిప్లొమా పూర్తిచేసి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో పెంపుడు జంతువుల క్లినిక్‌లో సహాయకులుగా చేరే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "సూది వేయడం ఎన్ని రోజుల్లో నేర్పిస్తారు?"

సూది సంగతి తర్వాత చూద్దాం. ముందు పట్టుకోవడం నేర్చుకోండి. కుక్కను కదలకుండా, భయపడకుండా, ఊపిరికి అడ్డం రాకుండా పట్టుకునే మనిషి పక్కన ఉంటే డాక్టరు పని సగం అయినట్టే. పట్టు కుదరకపోతే ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా నరం దొరకదు. మొదటి నెలలో మీరు సంపాదించుకోవలసిన పేరు "ఇతను పట్టుకుంటే నిశ్చింత" అన్నదే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే అధికారం నమోదైన పశువైద్యులది. డిప్లొమా ఉన్నవారు వారి పర్యవేక్షణలో, వారు చెప్పిన మేరకు చిన్న సేవలు చేయవచ్చు. ఇంటి పక్కవాళ్లు "మా కుక్కకు ఒక సూది వేసి వెళ్లు బాబూ" అని పిలిస్తే వెళ్లకండి.

చేరేముందు సిద్ధం చేసుకోవలసినవి

- రేబిస్ ముందస్తు టీకాలు. మొత్తం మూడు డోసులు: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. దీన్ని వాయిదా వేయకండి. చేరేలోగా పూర్తికాకపోతే మొదటి రోజే క్లినిక్ యజమానికి చెప్పండి. పూర్తయ్యేదాకా వీధి కుక్కలకూ, టీకాల చరిత్ర తెలియని జంతువులకూ దూరంగా ఉండే పని అడగండి.
- ధనుర్వాతం టీకా. చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టరును కలవండి.
- పాదం మొత్తం మూసే, తడి నేల మీద జారని బూట్లు. చెప్పులు పనికిరావు.
- రెండు జతల పని బట్టలు. ఒక జత క్లినిక్‌లోనే ఉంచండి. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే పని బట్టలతో, బూట్లతో ఇంట్లోకి వెళ్లవద్దు. కుక్కపిల్లలకు వాంతులు, నెత్తుటి విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ వాటితోపాటే వస్తుంది.
- జేబులో పట్టే నోటు పుస్తకం, పెన్ను, సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం.

వేలాడే చెవి దిద్దులు, గాజులు, పొడవు గోళ్లు వద్దు. చున్నీ వేసుకునేవారు నడుముకు ముడి వేసుకోవాలి.

జీతం మాట్లాడుకునేటప్పుడే రాత్రి పని ఉందా, వారపు సెలవు ఏ రోజు, కాటు పడితే చికిత్స ఖర్చు ఎవరిది అన్నవి అడిగేయండి. అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ. చివరి ప్రశ్న మాత్రం తప్పనిసరి.

1. మొదటి రోజు: ఏది ఎక్కడ ఉందో చూసుకోండి

ప్రాణవాయువు సిలిండరు, అత్యవసర మందుల డబ్బా, మూతిచిక్కాలు, తువ్వాళ్లు, సూదులు పారేసే డబ్బా, ఫ్రిజ్, విద్యుత్తు పోతే వెలిగే దీపం. నోటు పుస్తకంలో గది పటం గీసి వీటిని గుర్తు పెట్టుకోండి. మూడో రోజుకు డాక్టరు అడిగిన వస్తువు వెతుక్కోకుండా తెచ్చి ఇవ్వగలగాలి. మూర్ఛతో కొట్టుకుంటున్న కుక్క బల్ల మీద ఉన్నప్పుడు అలమరలు వెతికే సమయం ఉండదు.

2. తాకే ముందు జంతువును చూడండి

కుక్క మొరిగితేనే కరుస్తుందని అనుకోవద్దు. మొరగకుండానే కరిచే కుక్కలూ ఉంటాయి. పెదవులు పదే పదే నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తోక కాళ్ల మధ్య దాచడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం భయానికి గుర్తులు. ఉన్నట్టుండి బిగుసుకుపోయిందంటే మరింత జాగ్రత్త. ఆ క్షణంలో చేయి వెనక్కి తీసుకోండి.

ముందు యజమానిని పేరు అడగండి. అతని పేరు కాదు, కుక్క పేరు. "బ్రూనో" అని పిలిచి, పక్కకు తిరిగి కూర్చుని, వాసన చూడనివ్వండి. ఎదురుగా నిలబడి తల మీద చేయి వేయడం మనుషులకు ముద్దు, కుక్కకు బెదిరింపు. యజమానులు "మా పాప", "మా బాబు" అంటారు. మీరు "ఇది", "దీన్ని" అంటే నొచ్చుకుంటారు. పేరుతోనే మాట్లాడండి.

3. పట్టుకోవడం

రోజుకు పదిసార్లు చేసేది ముందు కాలి నరం కోసం పట్టుకోవడం. వరుస ఇది.

అ) బల్ల మీద జారని చాప లేదా తడి తువ్వాలు పరవండి. కాళ్లు జారితే కుక్క పెనుగులాడుతుంది. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆ) కుక్కను ఛాతీ ఆనేలా పడుకోబెట్టండి, లేదా కూర్చోబెట్టండి. డాక్టరుకు కుడి కాలు కావాలంటే మీరు కుక్కకు ఎడమ పక్కన నిలబడాలి. మీ ఎడమ చేయి దాని మెడ కిందుగా పోనిచ్చి, తలను మీ భుజానికి ఆనించి అదుముకోండి. మోచేయి గొంతును నొక్కకూడదు.

ఇ) కుడి చేయి వీపు మీదుగా తెచ్చి, దాని కుడి మోచేతిని వెనక నుంచి అరచేతిలో ఇముడ్చుకుని ముందుకు నెట్టండి. కాలు నిటారుగా సాగుతుంది.

ఈ) బొటనవేలు మోచేతి మడత మీద అడ్డంగా వేసి, నొక్కి, బయటి వైపుకు కొంచెం తిప్పండి. చర్మం కింద నరం తాడులా ఉబ్బుతుంది.

ఉ) సూదిలో రక్తం కనిపించాక డాక్టరు "వదులు" అంటారు. అప్పుడు వదలవలసింది బొటనవేలి నొక్కు మాత్రమే. అరచేయి మోచేతి వెనకే ఉండాలి. కొత్తవారు దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. కొందరు మొత్తం చేయి తీసేస్తారు, కుక్క కాలు లాక్కుంటుంది. మరికొందరు బొటనవేలు తీయనే తీయరు, మందు ముందుకు పోలేక నరం పక్కకు కారి వాస్తుంది.

ఊ) సూది తీశాక దూదితో ఒక నిమిషం నొక్కి పట్టండి. రుద్దవద్దు.

పట్టు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. నీలంగా మారుతున్నా, కుక్క ఊపిరి కోసం నోరు తెరుస్తున్నా వెంటనే పట్టు సడలించి డాక్టరుకు చెప్పండి. "మరీ గట్టిగా పట్టుకోలేదే" అనే వాదన అక్కడ పనికిరాదు.

మూతిచిక్కం: ఎద్దులకు కట్టే చిక్కం తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సరిపోయే సైజు దొరకకపోతే గాయాలకు కట్టే పలుచని గాజు గుడ్డ పట్టీతో ఉచ్చు చేసి ముక్కు మీదుగా వేసి, దవడ కింద తిప్పి, చెవుల వెనక ముడి వేయవచ్చు. ముడి ఒక్క లాగుతో ఊడేలా ఉండాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు పట్టీ కట్టవద్దు. వాంతులు చేసుకుంటున్నవాటికి, ఊపిరి అందనివాటికి కూడా వద్దు. కుక్క ఒంటి వేడిని ఎక్కువగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది కాబట్టి, మే నెలలో ఎవరికైనా సరే పని అవగానే విప్పేయాలి.

పిల్లులు: పిల్లిని ఎంత తక్కువగా పట్టుకుంటే అంత తక్కువగా గోకుతుంది. మెడ చర్మం పట్టి పైకి ఎత్తే పాత పద్ధతి మానేయండి. బుట్ట పైమూత తీసి, తువ్వాలు కప్పి, అలాగే చుట్టి తీయండి. ఏ కాలు కావాలో అది మాత్రమే తువ్వాలు బయట ఉంచండి. తలుపులు, కిటికీలు, పై అలమర వెనక సందు మూసి ఉన్నాయో లేదో చూసుకున్నాకే బుట్ట తెరవాలి. పిల్లి బుట్టను నేల మీద కుక్కల ఎదుట పెట్టకుండా ఎత్తైన బల్ల మీద పెడితే సగం భయం తగ్గుతుంది.

4. చేయి పెట్టకూడని నోరు

ఇది విడిగా రాయడానికి కారణం ఉంది. "గొంతులో ఎముక ఇరుక్కుంది సార్, తీసేయండి" అంటూ కుక్కను తెస్తారు. దవడ వేలాడుతూ ఉంటుంది, చొంగ కారుతుంది, నీళ్లు మింగలేదు, గొంతు మారిపోయి ఉంటుంది. ఎముక ఇరుక్కున్నా ఇలాగే ఉండవచ్చు, రేబిస్ అయినా ఇలాగే ఉండవచ్చు. చూపుతో తేడా చెప్పడం మీ పని కాదు. నోట్లో వేలు పెట్టవద్దు. చొంగ తాకవద్దు. కుక్కను అక్కడే విడిగా ఉంచి డాక్టరును పిలవండి. ఇంటివాళ్లలో ఎవరెవరు దాని నోట్లో చేయి పెట్టారో అడిగి రాసుకోండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే చికిత్స లేదు. కాపాడేది అంతకు ముందు వేసే టీకాయే.

మిమ్మల్ని ఏ కుక్క కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, అంచనా వేస్తే రెండు నిమిషాలకే ఆపేస్తారు. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టవద్దు. ముందస్తు టీకాలు పూర్తయినవారికి ఆ రోజు ఒకటి, 3వ రోజు ఒకటి, మొత్తం రెండు డోసులు సరిపోతాయి. వేయించుకోనివారికి పూర్తి వరుస, గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాల సూది) కూడా అవసరమవుతాయి. "మన క్లినిక్ కుక్కే, టీకాలన్నీ వేశాం" అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లి వైద్యులనే తేల్చమనండి.

5. బరువు, జ్వరం, శ్వాస: చూసి, రాసి, మళ్లీ చూడండి

బరువు ప్రతిసారీ తూయండి. కుక్కపిల్ల పోయిన వారం బరువు ఈ వారం పనికిరాదు. తూనికలో ముందు సున్నా చూడండి, నాలుగు కాళ్లూ పలక మీద ఉన్నాయో చూడండి. నిలబడకపోతే ఎత్తుకుని తూగి మీ బరువు తీసేయండి.

నేను చేరిన తొలి రోజుల్లో నాలుగున్నర కిలోల పోమరేనియన్ బరువు రాస్తూ చుక్క సరిగా పెట్టలేదు. కాగితం మీద 45 అని కనిపించింది. డాక్టరు కాగితం చదివి, తలెత్తి కుక్కను చూసి, "ఇదా నలభై అయిదు కిలోలు?" అన్నారు. ఆయన తలెత్తకపోతే మందు పదింతలు పడేది. ఆ రోజు నుంచి "4.5 కిలోలు (నాలుగున్నర)" అని అక్షరాల్లో కూడా రాస్తున్నాను. మీరూ అలాగే రాయండి.

కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. పిల్లిదీ దాదాపు అంతే. మనుషుల లెక్కతో 101 చూసి జ్వరమని కంగారుపడకండి, యజమానిని కంగారుపెట్టకండి. థర్మామీటరు కొసకు వాజెలిన్ రాసి మలద్వారంలో పెట్టి, పేగు గోడకు ఆనేలా కొంచెం వాల్చండి. మలంలో గుచ్చుకుంటే తప్పు అంకె వస్తుంది.

విశ్రాంతిగా ఉన్న కుక్క శ్వాస నిమిషానికి 10 నుంచి 30. రొప్పుతుంటే లెక్కపెట్టలేరు. అప్పుడు ఒక అంకె కల్పించకుండా "రొప్పుతోంది" అని రాయండి. గుండె చప్పుడు 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చవేయండి.

6. మోతాదు లెక్క: మీరు వేయండి, ఇంకొకరితో చూపించండి

ఉదాహరణకు 12 కిలోల కుక్కకు కిలోకు 10 మి.గ్రా. చొప్పున 120 మి.గ్రా. కావాలి. సీసాలో మి.లీ.కు 50 మి.గ్రా. ఉంటే 2.4 మి.లీ. తీయాలి. లెక్క చిన్నదే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నిన్నటి సీసా అయిపోయి ఇవాళ మరో కంపెనీ సీసా వస్తుంది. మందు అదే, బలం వేరు. అందుకే ప్రతిసారీ సీసా మీద అంకె చదవండి, నిన్నటి 2.4 గుర్తుపెట్టుకుని తీయకండి.

ఇన్సులిన్ విషయంలో మరీ జాగ్రత్త. యు-40 (మి.లీ.కు 40 యూనిట్లు) సీసాకు యు-40 సిరంజి, యు-100 (మి.లీ.కు 100 యూనిట్లు) సీసాకు యు-100 సిరంజి. మార్చి వాడితే రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

సిరంజి నింపగానే మందు పేరు రాసి అంటించండి. పేరు లేని సిరంజి బల్ల మీద కనిపిస్తే, మీరే నింపారని గట్టిగా అనిపించినా పారేయండి.

7. ఫ్రిజ్, నేల, చెత్త

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఉదయం, సాయంత్రం వేడి చూసి రాయండి. తలుపు అరలో, మంచు గడ్డకట్టే గోడకు ఆనించి పెట్టవద్దు. రేబిస్ టీకా గడ్డకడితే కరిగాక చూడటానికి మామూలుగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకండి. ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది రాసి డాక్టరుకు చూపించండి. టీకా వేశాక సీసా లేబుల్ ఊడదీసి కార్డులో అంటించి, తేదీ వేయాలి.

పార్వో వచ్చిన కుక్కపిల్ల పడుకున్న చోటును ముందు సబ్బు నీళ్లతో మలం, రక్తం జాడ లేకుండా కడగండి. ఆ తర్వాతే 30 వంతుల నీటికి ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచండి. మురికి మీదే బ్లీచ్ పోస్తే పనిచేయదు. బ్లీచ్‌లో యాసిడ్ కలపవద్దు, విషవాయువు వస్తుంది.

పిల్లుల గదిలో నల్ల ఫినైల్ వాడవద్దు. ఇళ్లలో "శుభ్రం" అంటే ఆ వాసనే గుర్తొస్తుంది. కానీ పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, దాని శరీరం ఆ మందును వదిలించుకోలేదు.

సూదులు గట్టి తెల్ల డబ్బాలో, సిరంజిలు, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది, కట్లు, కణజాలం పసుపు సంచిలో, గాజు సీసాలు నీలం డబ్బాలో. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పశువైద్యశాలలకు కూడా వర్తిస్తాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. సూది గుచ్చుకునే ప్రమాదం అప్పుడు ఎక్కువ.

8. ఫోను ఎత్తినప్పుడు

వయసు, ఎప్పటి నుంచి, తింటోందా, మూత్రం వస్తోందా, టీకాలు వేశారా అని అడిగి రాసుకోండి. కొన్నింటికి "రేపు రండి" అనకూడదు: మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోవడం, పెద్ద కుక్క పొట్ట ఉబ్బి వట్టి వాంతికి ఓకరించడం, అయిదు నిమిషాలు దాటిన మూర్ఛ, ఎండదెబ్బ, పాముకాటు, ఊపిరి అందకపోవడం. వీటికి వెంటనే బయలుదేరమని చెప్పి డాక్టరును పిలవండి. వాంతులు, నెత్తుటి విరేచనాలతో వచ్చే కుక్కపిల్లకూ వెంటనే రమ్మనే చెప్పాలి, కానీ మీరు పిలిచేదాకా వాహనంలోనే ఉంచమనండి. మిగతా కుక్కపిల్లల మధ్య నేల మీద దింపకూడదు.

ఫోనులో మందు పేరు చెప్పకండి. "పారాసిటమాల్ వేయొచ్చా?" అని అడుగుతారు. పిల్లికి ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. "ఏ మందూ వేయకుండా తీసుకురండి" అనడమే సరైన జవాబు.

9. నిద్రపుచ్చే రోజు

ఇది మొదటి నెలలోనే ఎదురవుతుంది. నయంకాని బాధతో ఉన్న జంతువును నిద్రపుచ్చేటప్పుడు సంతకాలు, డబ్బు ముందే ముగించండి. ఆ తర్వాత ఎవరినీ కౌంటరు దగ్గర నిలబెట్టవద్దు. ఫోను మోగకుండా పెట్టండి, తలుపు వేయండి. ప్రాణం పోయాక కూడా కళ్లు తెరిచే ఉంటాయని, ఒకటి రెండు శ్వాసలు వచ్చినట్టు కదలవచ్చని డాక్టరు ముందే చెప్పారో లేదో గమనించండి. చెప్పకపోతే నెమ్మదిగా గుర్తుచేయండి. మెడపట్టీ విప్పి, కడిగి, తుడిచి యజమాని చేతికివ్వండి. "ఇంకోటి తెచ్చుకోండి సార్" అనకండి. మీకు కన్నీళ్లొస్తే తప్పేమీ లేదు.

పశువుల ఆసుపత్రిలో చేరేవారికి

పద్ధతి అదే, ప్రమాదాలు వేరు. ఆవు పక్కకు కూడా తన్నుతుంది కాబట్టి భుజానికి ఆనుకుని నిలబడండి. గర్భస్రావమైన పశువు మాయను, ఆ ద్రవాలను చేతి తొడుగు లేకుండా ముట్టవద్దు, పశువులకు గర్భస్రావం తెచ్చే బ్రూసెల్లోసిస్ వ్యాధి మనుషులకూ సోకుతుంది. పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడకాన్ని, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మరణాల కారణంగా 2006లో నిషేధించారు. ఎవరైనా మనుషుల సీసా తెచ్చి వేయమన్నా వేయకండి.

నెల తిరిగాక ఎలా సరిచూసుకోవాలి

మీరు రాసిన ఒక చికిత్స కాగితం రాత్రి పని చేసేవారికి ఇవ్వండి. మీకు ఫోను చేయకుండా వారు పని నడపగలిగితే మీ రాత బాగున్నట్టు. మీరు పట్టుకున్నప్పుడు డాక్టరుకు నరం ఎక్కువసార్లు మొదటి ప్రయత్నంలోనే దొరుకుతోందేమో చూడండి. రెండోసారి వచ్చిన కుక్క మిమ్మల్ని చూసి వెనక్కి లాగుతోందా, దగ్గరికి వచ్చి వాసన చూస్తోందా గమనించండి. తెలియనిదాన్ని "తెలియదు" అని డాక్టరుతో ఈ వారంలో ఎన్నిసార్లు అన్నారో గుర్తుచేసుకోండి. ఒక్కసారి కూడా అనకపోతే ఎక్కడో ఊహించి చేశారన్నమాట.

ఇవన్నీ బాగుంటే సూది నేర్పమని మీరే అడగండి. చర్మం కింద వేసేదానితో మొదలుపెట్టమనండి. మెడ వెనక చర్మాన్ని గుడారంలా ఎత్తి, దాని మొదట్లో సూది దించి, పిస్టన్ కొంచెం వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసి మందు పోనివ్వాలి. సూది తీశాక మడత అవతలి వైపు బొచ్చును వేలితో తడిమి చూడండి. తడి తగిలితే సూది చర్మం దాటి బయటికి వచ్చి మందు బొచ్చులోకి పోయినట్టే. మళ్లీ వేయకుండా, దాచకుండా ఆ మాట వెంటనే డాక్టరుకు చెప్పండి. ఎంత పోయిందో, ఇప్పుడేం చేయాలో ఆయన నిర్ణయిస్తారు.